పికప్ వాహనాల వెనుక ఇరుసు పట్టును పెంచే మార్గాలు - నేల స్వభావంతో వాటి సంబంధం

పొలం నుంచి మార్కెట్ యార్డుకు, జిన్నింగు మిల్లుకు, శీతల గిడ్డంగికి పంటను చేరవేసే పనిలో చిన్న సరకు వాహనాలు తెలుగు రాష్ట్రాలలో ఎడ్లబండి స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. 2005లో టాటా ఏస్ రంగప్రవేశం చేసిన తరువాత ఈ మార్పు వేగం పుంజుకున్నది. నేడు పల్లెదారులలో తరచుగా కనిపించే బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా వంటి వాహనాలలో అత్యధిక భాగం ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు మాత్రమే అందించేవి. సరకు నిండినప్పుడు భారంలో ఎక్కువ భాగం వెనుక చక్రాలపై పడుతుంది గనుక ఈ అమరిక రహదారికి అనువైనదే. ఖాళీగా పొలానికి వెళ్లేటప్పుడు మాత్రం ఇంజను, క్యాబిన్, డ్రైవరు బరువు ముందు ఇరుసుపై ఉండి, నెట్టవలసిన చక్రాలు తేలికగా ఉంటాయి. అందుచేతనే నల్లరేగడి ప్రాంతాలలో వాన కురిసిన మరునాడు పుంతదారిలో దిగబడి కనిపించే పికప్‌లలో ఖాళీవి కూడా తక్కువేమీ కావు.

దిగబడిన బండి వల్ల కలిగే నష్టం డ్రైవరుకు మాత్రమే పరిమితం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు వచ్చే కాలంలోనే పత్తి తీతలు, వరి కోతలు సాగుతాయి. కోసిన పంట గట్టున ఉండి బండి దారిలో నిలిచిపోతే తడిసే ప్రతి గంటా ధరలో కోతే. బండిని బయటకు తీయడానికి వెనుక చేరి నెట్టే కూలీల ప్రాణాలకు అపాయం ఉంది. చక్రాలు తవ్విన గాడులు, అణిగిన నేల తరువాతి పంటకూ సమస్యగా మిగులుతాయి. కాబట్టి ఈ విషయం యంత్రవిద్యకు చెందినదిగా కనిపించినా సస్య విజ్ఞానానికి, విస్తరణ సేవకు కూడా సంబంధించినదే.

“వెనుక నాలుగు ఇసుక బస్తాలు వేయండి” అనేది ఈ సందర్భంలో సర్వత్రా వినిపించే సలహా. కొన్ని నేలలలో ఇది సరైనదే. తడిసిన నల్లరేగడిలో మాత్రం ఇది దాదాపు నిరుపయోగం, ఒక్కొక్కసారి హానికరం కూడా. ఏ మార్గం పనికివస్తుందో నిర్ణయించేది వాహనం కన్నా ముందు నేల.

పట్టుకు మూలం

చక్రం ముందుకు కదలాలంటే అది నేలను వెనుకకు నెట్టాలి. ఆ నెట్టుడుకు తెగిపోకుండా నేల ఎంత ఓర్చుకోగలదో అంతే పట్టు లభిస్తుంది. నేల ఓర్పులో రెండు భాగాలున్నాయని 18వ శతాబ్దంలోనే కూలాంబ్ వివరించాడు. మట్టి రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండే సంశక్తి మొదటిది. పైభారం వల్ల రేణువుల మధ్య కలిగే ఘర్షణ రెండవది. ఈ సూత్రాన్ని 1944లో మికిల్‌త్వెయిట్ యుద్ధ వాహనాలకు అన్వయించాడు. చక్రం నేలను తాకే వైశాల్యాన్ని సంశక్తితో గుణించి, చక్రంపై ఉన్న భారాన్ని అంతర్గత ఘర్షణ కోణపు టాంజెంటుతో గుణించి, రెండింటినీ కలిపితే గరిష్ఠ పట్టు వస్తుంది. 1950లలో బెకర్ ఈ పునాదిపైనే నేల, వాహనం మధ్య సంబంధాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా విస్తరించాడు.

ఈ సూత్రంలోని రెండు భాగాలు అన్ని నేలలలో సమానంగా పనిచేయవు. పొడి ఇసుకలో సంశక్తి దాదాపు శూన్యం. అక్కడ పట్టు అంతా ఘర్షణదే, అనగా భారానిదే. నీటితో నిండిన బంకమట్టిలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పైన భారం పెరిగినప్పుడు ఆ అదనపు ఒత్తిడిని రేణువుల మధ్య చిక్కిన నీరు మోస్తుంది. చక్రం దాటిపోయే క్షణకాలంలో ఆ నీరు బయటకు పోలేదు గనుక రేణువుల మధ్య ఘర్షణ పెరగదు. ఘర్షణ కోణం సున్నాకు దగ్గరగా పడిపోయి, మిగిలేది సంశక్తి, వైశాల్యం మాత్రమే. నల్లరేగడిలో అధికంగా ఉండే మాంట్‌మొరిల్లోనైట్ ఖనిజం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఆ నీటిని తేలికగా వదలదు. ఎర్ర చెలక నేల వాన వెలిసిన కొద్ది గంటలకే బండిని మోయగలిగినా, నల్లరేగడి దారి రోజుల తరబడి జారుడుగా ఉండడానికి కారణమిదే.

బరువు వేయడం: ఎక్కడ లాభం, ఎక్కడ నష్టం

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ తేడా స్పష్టమవుతుంది. ఖాళీ పికప్ బరువు 1,700 కిలోలు, అందులో వెనుక ఇరుసుపై 800 కిలోలు, అనగా ఒక్కొక్క వెనుక చక్రంపై 400 కిలోలు అనుకుందాం. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు, అంటే సుమారు 57 పీఎస్‌ఐ. టైరు గోడల బిగువును లెక్కలోకి తీసుకోకపోతే ఒక్కొక్క చక్రం నేలను తాకే వైశాల్యం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు.

దారి అడుగున గట్టిగా ఉండి, పైన రెండు మూడు సెంటీమీటర్ల తడి బంక పేరుకున్నదనుకుందాం. ఆ బంక సంశక్తి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలు అయితే ఒక చక్రానికి 30 కిలోలు, రెండింటికీ కలిపి 60 కిలోల పట్టు దొరుకుతుంది. బండి దొర్లడానికి నేల కలిగించే నిరోధం మొత్తం బరువులో నూటికి 5 వంతులైనా అది 85 కిలోలు. బండి కదలదు. ఇప్పుడు ఇరుసుపై 200 కిలోల ఇసుక బస్తాలు వేస్తే గాలి ఒత్తిడి మారదు గనుక టైరు మరికొంచెం నలిగి వైశాల్యం 125 చదరపు సెంటీమీటర్లకు, మొత్తం పట్టు 75 కిలోలకు పెరుగుతుంది. కాని 1,900 కిలోల బండికి నిరోధం 95 కిలోలు అవుతుంది. బస్తాలు మోసిన శ్రమ మిగిలింది, బండి ఉన్నచోటనే ఉన్నది. బంక లోతుగా ఉండి చక్రాలు దిగే చోట నిరోధం నూటికి 15 వంతులకు మించి కూడా ఉండగలదు. అక్కడ వేసిన ప్రతి బస్తా బండిని మరింత లోతుకు దింపుతుంది.

అదే బండి పొడి ఇసుక దారిలో ఉన్నదనుకుందాం. ఘర్షణ కోణం 30 డిగ్రీలైతే దాని టాంజెంటు సుమారు 0.58. రెండు చక్రాల పట్టు 464 కిలోలు. వదులు ఇసుకలో నిరోధం నూటికి 20 అనుకుంటే 340 కిలోలు. మిగులు 124 కిలోలు. 200 కిలోల బస్తాలు వేస్తే పట్టు 580కి, నిరోధం 380కి చేరి మిగులు 200 కిలోలు అవుతుంది. తీరప్రాంతపు ఇసుక నేలలలోను, తడిసిన తారురోడ్డు పైన కూడా బరువు వేయమనే సలహా ఇందుచేతనే చెల్లుతుంది. ఒక చోట చెల్లిన సలహా మరొక చోటికి పాకడమే చిక్కు.

బస్తాలు ఎక్కడ వేయాలనేది కూడా ముఖ్యమే. తొట్టి చివర వేస్తే వెనుక ఎక్కువ బరువు పడుతుందన్నది నిజమే. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో, వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనుకగా 200 కిలోలు పెడితే ఇరుసుపై భారం 240 కిలోలు పెరుగుతుంది. కాని ఆ అదనపు 40 కిలోలు ముందు చక్రాల నుంచి తీసుకున్నవే. ముందు చక్రాలు తేలికై స్టీరింగు, బ్రేకు రెండూ బలహీనపడతాయి. కనుక బస్తాలను ఇరుసుకు సరిగ్గా పైన లేదా కొద్దిగా ముందుగా పరచి, కదలకుండా తాడుతో బిగించాలి. ట్రాక్టరు టైర్లలో నీరు నింపే పద్ధతిని పికప్‌కు అనుకరించరాదు. రహదారి వేగంతో తిరిగే చక్రంలో నీరు ప్రమాదకరం.

గాలి తగ్గించడం

బంకమట్టిలో చక్రం మోసే ప్రతి కిలో భారానికి లభించే పట్టు సంశక్తిని గాలి ఒత్తిడితో భాగించగా వచ్చే అంకెకు సుమారుగా సమానం. ఆ భాగహారంలో బరువు లేనే లేదు. సంశక్తిని మార్చడం డ్రైవరు చేతిలో లేదు. మార్చగలిగింది గాలి ఒక్కటే.

పై ఉదాహరణలో గాలి ఒత్తిడిని 4 నుంచి 2 కిలోలకు తగ్గిస్తే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, రెండు చక్రాల పట్టు 120 కిలోలు అవుతుంది. నిరోధం 85 కిలోలే గనుక బండి కదులుతుంది. 200 కిలోల ఇసుక చేయలేని పనిని వాల్వు పిన్ను నొక్కి రెండు నిమిషాలలో చేయవచ్చు. ఇసుకలో కూడా గాలి తగ్గించడం మేలు చేస్తుంది, అయితే కారణం వేరు. అక్కడ చక్రం తక్కువ లోతుకు దిగి నిరోధం తగ్గడం వల్ల లాభం కలుగుతుంది. ట్రాక్టరు వెనుక టైర్లలో పొలం పనికి సాధారణంగా 12 నుంచి 16 పీఎస్‌ఐ గాలి మాత్రమే ఉంచుతారు. ట్రాక్టరు తిరిగే చేనులో పికప్ దిగబడడానికి గల కారణాలలో ఇది ప్రధానమైనది.

నిండు సరకుకు నిర్ణయించిన గాలితోనే ఖాళీ బండిని నడపడం సాధారణ అలవాటు. తయారీదారు ఖాళీ బండికి, నిండు బండికి వేర్వేరు ఒత్తిడులు సూచించిన చోట వాటిని పాటించడమే మొదటి దిద్దుబాటు. దానికన్నా తగ్గించడం బురద దాటేవరకు మాత్రమే, అదీ ఖాళీ బండికి మాత్రమే, గంటకు 20 కిలోమీటర్లు మించని వేగంతో. సరకు ఎత్తిన తరువాత తక్కువ గాలితో తారురోడ్డు ఎక్కితే టైరు గోడలు వేడెక్కి పగిలిపోగలవు. ట్యూబు ఉన్న టైర్లలో మరొక ఇబ్బంది ఉన్నది. గాలి మరీ తగ్గితే రిమ్ము లోపల టైరు జారి, వాల్వు మెడ తెగుతుంది. బ్యాటరీతో పనిచేసే చిన్న కంప్రెసరు బండిలో లేనిదే గాలి తీయమని సలహా ఇవ్వకూడదు. తీసిన గాలిని తిరిగి నింపే ఏర్పాటు లేని సలహా అసంపూర్ణం.

డిఫరెన్షియల్ పాత్ర

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలు కల్పించే డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎల్లప్పుడూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. ఇందులోనే దాని బలహీనత కూడా ఉన్నది. ఎడమ చక్రం దారి అంచున బంకలో ఉండి 30 కిలోల పట్టు మాత్రమే ఇవ్వగలిగితే, గట్టి నేలపై 240 కిలోలు ఇవ్వగల కుడి చక్రానికి కూడా 30 కిలోలే అందుతాయి. మొత్తం 60. డిఫరెన్షియల్‌ను బిగించి రెండు చక్రాలను ఒకే ఇరుసుగా తిప్పగలిగితే 30, 240 కలిసి 270 కిలోలు లభిస్తాయి. ట్రాక్టరు డ్రైవర్లకు ఇది కొత్త విషయం కాదు. మడమ దగ్గర ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడలు పని ఇదే.

అయితే రెండు చక్రాలూ ఒకే రకమైన బంకలో ఉంటే లాక్ ఉన్నా 30, 30 కలిసి 60 కిలోలే. లాక్ అనేది రెండు చక్రాల కింద నేల వేరువేరుగా ఉన్నప్పుడు, లేదా గతుకులలో ఒక చక్రం గాలిలో తేలినప్పుడు ఉపకరించే సాధనం. చేనంతా తడిసి ఉన్నప్పుడు దానిపై పెట్టిన ఖర్చు ఫలించదు. పుంతదారిలో ఒక పక్క చక్రాలు గట్టెక్కి, మరొక పక్కవి గాడిలో నడిచే సందర్భాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో దీని విలువ చాలా ఎక్కువ.

లాక్‌లలో రకాలున్నాయి. డ్రైవరు స్విచ్చు నొక్కితే పూర్తిగా బిగుసుకునేది ఒకటి. భారతదేశంలో 2022లో విడుదలైన టయోటా హైలక్స్‌లో వెనుక ఇరుసుకు ఇటువంటి ఎలక్ట్రానిక్ లాక్ ఉన్నది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఒక మేర దాటగానే తనంతట తాను బిగుసుకునే మెకానికల్ లాక్ మరొకటి. మహీంద్రా థార్, బొలెరో నియోలలో కొన్ని రకాలకు దీనిని అమర్చారు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఈ రెండింటి కన్నా సౌమ్యమైనది. అది క్లచ్ ప్లేట్ల ఘర్షణతోగాని, పళ్ల చక్రాల అమరికతోగాని పట్టున్న చక్రానికి కొంత ఎక్కువ బలాన్ని మళ్లిస్తుంది. పళ్ల చక్రాల రకంలో, జారే చక్రం ఎంత పట్టు ఇస్తే దానికి కొన్ని రెట్లు మాత్రమే రెండవ చక్రానికి అందుతుంది. ఒక చక్రం పూర్తిగా గాలిలో ఉంటే ఎన్ని రెట్లు చేసినా సున్నా సున్నాయే. క్లచ్ ప్లేట్ల రకంలో స్ప్రింగుల బిగువు వల్ల కొంత బలం మిగులుతుంది, కాని ప్లేట్లు అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

సాధారణ సరకు పికప్‌లలో ఇవేవీ ఉండవు. అందుచేత కొందరు చేతి బ్రేకును కొద్దిగా లాగి యాక్సిలరేటరు ఇస్తారు. చేతి బ్రేకు రెండు వెనుక చక్రాలనూ సమానంగా పట్టుకుంటుంది. జారే చక్రాన్ని ఆపడం వల్ల వచ్చిన లాభాన్ని రెండవ చక్రపు బ్రేకు చాలావరకు మింగివేస్తుంది. ట్రాక్టరులో ఎడమ, కుడి బ్రేకు పెడళ్లు వేరుగా ఉండడం వల్ల జారే చక్రాన్ని మాత్రమే ఆపే వీలుంది. కొత్త వాహనాలలోని ట్రాక్షన్ కంట్రోల్ ఇదే పనిని సెన్సర్ల సహాయంతో, ఒక్క చక్రానికే బ్రేకు వేసి చేస్తుంది. డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాలను వెల్డింగుతో శాశ్వతంగా అతికించడం మాత్రం ఏ పరిస్థితిలోను సిఫారసు చేయరాదు. అటువంటి బండి రహదారి మలుపులలో తిన్నగా పోజూస్తుంది, టైర్లు త్వరగా అరుగుతాయి, యాక్సిల్ షాఫ్టు విరుగుతుంది.

డిఫరెన్షియల్ గురించి విస్తరణ సిబ్బంది రైతులకు, డ్రైవర్లకు తప్పక చెప్పవలసిన విషయం మరొకటి ఉన్నది. ఒక చక్రం పూర్తిగా ఆగి, రెండవది గాలిలోగాని బంకలోగాని తిరుగుతున్నప్పుడు తిరిగే చక్రం వేగం స్పీడోమీటరు చూపే అంకెకు రెట్టింపు ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి కొలిచే ముల్లు 50 చూపుతుంటే ఆ చక్రం గంటకు 100 కిలోమీటర్లకు సరిపడే వేగంతో తిరుగుతున్నదన్నమాట. ఆ స్థితిలో చక్రం కింద రాళ్లు, కట్టెలు తోసే మనిషికి, వెనుక నిలబడి నెట్టే మనిషికి అవి ఎంత బలంతో తగులుతాయో ఊహించవచ్చు. రాళ్లు, గోనె సంచులు, వరిగడ్డి, కొబ్బరి మట్టలు ఏవైనా సరే, చక్రం పూర్తిగా ఆగిన తరువాతనే పేర్చాలి. మనుషులు పక్కకు తొలగిన తరువాతనే క్లచ్ వదలాలి. తాడుతో లాగేటప్పుడు తాడుకు నేరుగా ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

టైర్లు, కమాన్లు, ఫోర్ వీల్ డ్రైవ్

టైరు గాడులు బంకతో నిండిపోతే ఎంత ఖరీదైన టైరైనా నున్నని చక్రమే. గాడులు వెడల్పుగా, దూరదూరంగా ఉన్న టైరు తిరిగేటప్పుడు బంకను విదిలించుకోగలదు. అది తారురోడ్డుపై చప్పుడు చేస్తుంది, త్వరగా అరుగుతుంది. ఏడాదిలో అధిక భాగం రహదారిపై తిరిగే బండికి ఈ మార్పిడి లాభమా అన్నది యజమాని లెక్క చూసుకోవలసిన విషయం. సరకు కోసం అదనపు పట్టీలు వేయించిన కమాన్లు ఖాళీ బండిలో వంగవు. గతుకు దారిలో ఒక చక్రం పైకి తేలడానికి అవే కారణమవుతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ ముందు ఇరుసుపై ఉన్న భారాన్ని కూడా పట్టుగా మారుస్తుంది. ఖాళీ పికప్‌లో బరువులో సగానికి పైగా ముందే ఉంటుంది గనుక ఈ లాభం గణనీయమైనదే. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ వరుసలో ఇటువంటి నమూనాలున్నాయి. అయితే దాని ధర సన్నకారు రైతుల సరకు మోసే బండికి అందుబాటులో లేనిది.

స్లిప్‌ను కొలిచే తీరు

విద్యార్థులు క్షేత్రంలో సులభంగా చేయగల పరీక్ష ఇది. వెనుక టైరు పక్కన సుద్దతో గీత గీసి, గట్టి సమతల నేలపై చక్రం 10 చుట్లు తిరగగా బండి నడిచిన దూరాన్ని టేపుతో కొలవాలి. తరువాత పరీక్షించదలచిన దారిలో అదే 10 చుట్లకు నడిచిన దూరాన్ని కొలవాలి. మొదటిది 22 మీటర్లు, రెండవది 17.6 మీటర్లు అయితే స్లిప్ నూటికి 20. గట్టి నేలలలో గరిష్ఠ పట్టు సుమారు 10 నుంచి 20 శాతం స్లిప్ మధ్య లభిస్తుంది. అది మించితే చక్రం నెట్టడం మాని తవ్వడం మొదలుపెడుతుంది. రెండవ గేరులో, ఇంజను తక్కువ వేగంతో మెల్లగా కదలమని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెప్పే మాటకు ఆధారం ఇక్కడే ఉన్నది.

చేనులోకి దిగవచ్చునా

ఇప్పటివరకు చెప్పిన సాధనాలన్నీ బండిని కదిలించేవి. కదిలించడం సాధ్యమైనంత మాత్రాన చేనులోకి దింపడం ఉచితం కాదు. గాలి ఒత్తిడి పైపొర అణిగే తీరును శాసిస్తే, దుక్కి లోతు దాటిన పొరలు అణగడాన్ని ఇరుసుపై ఉన్న మొత్తం భారం శాసిస్తుంది. గాలి తగ్గించినందువల్ల లోతు పొరలకు కలిగే రక్షణ స్వల్పమే. లాక్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి ఈ విషయంలో మరింత అపాయకరమని కూడా చెప్పవచ్చు. మామూలు బండి ఆగిపోయే తడిలో అది నిండు సరకుతో చేను మధ్యదాకా వెళ్లగలదు.

స్వీడన్ శాస్త్రవేత్త ఆటెర్‌బెర్గ్ 1911లో ప్రతిపాదించిన పరీక్ష ఇక్కడ చాలు. పైపొర నుంచి కాకుండా 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, అరచేతితో నున్నని పలకపై దొర్లించాలి. 3 మిల్లీమీటర్ల మందం గల పోగుగా సాగి తెగకుండా ఉంటే తేమ ప్లాస్టిక్ పరిమితికి పైన ఉన్నట్లు. ఆ తేమలో నేల బలహీనంగా ఉంటుంది, మోసిన భారం ముద్రను నిలుపుకుంటుంది. పోగు కాకముందే పొడిగా విరిగిపోతే బండిని దింపవచ్చు. నల్లరేగడిలో పైన పొర ఆరి నెర్రెలు విచ్చినట్లు కనిపించినా కింద తడి మిగిలి ఉంటుంది గనుక కంటితో చూసి నిర్ణయించడం చాలదు.

పోగు సాగిన రోజున బండిని గట్టి దారిపైనే నిలిపి, చేనులోని బస్తాలను ట్రాక్టరు ట్రాలీతోగాని ఎడ్లబండితోగాని అక్కడికి చేర్చాలి. చేనులోకి వెళ్లక తప్పని స్థితిలో వాహనాలన్నీ ఒకే జాడలో తిరగాలి. మొదటిసారి తిరిగినప్పుడే అణుగుడులో అధిక భాగం జరిగిపోతుంది గనుక ప్రతిసారీ కొత్త జాడలో తిరిగితే చెడే విస్తీర్ణం పెరుగుతుంది. ఏర్పడిన గాడులను తడిలోనే దున్ని పూడ్చే ప్రయత్నం చేయరాదు. నేల దుక్కి పదునుకు వచ్చిన తరువాత ఆ జాడ వరకే లోతుగా దున్నాలి. నల్లరేగడి ఎండి పగిలి, మళ్లీ తడిసి ఉబ్బే క్రమంలో పైపొర కొంతవరకు తనంతట తాను కోలుకుంటుంది. ఉబ్బే గుణం లేని ఎర్ర నేలలకు ఆ సౌలభ్యం లేదు. అక్కడ పడిన జాడ మరుసటి ఏడాది వేరుశనగ మొలకలలో ఎదగని వరుసగా కనిపించగలదు.